దోరజామ మీద నాన్‌ఖటాయి పొడి

ఇవాళ మాట్లాడుకోబోయే వంటకం పేరు చెవిన పడగానే తెలుగువాళ్ళకు చిన్న తికమక తప్పదు. దాని పేరు పై. మనకు పై అంటే మీద. ఇంగ్లీషువాళ్ళకు పై అంటే పిండితో గిన్నెలాగా ఒత్తి, అందులో పండో కూరో మాంసమో పెట్టి కాల్చిన పదార్థం. వాటిలోనూ మనం చెప్పుకోబోయేది మూత లేని రకం. అడుగున పల్చటి పిండి పొర ఉంటుంది. మధ్యలో చక్కెరతో ఉడికిన పండ్ల ముక్కలుంటాయి. మీద మూతగా మరో రొట్టె పొర పరచకుండా, వెన్న, పిండి, చక్కెర కలిపి వేళ్ళతో నలిపిన పొడి చల్లుతారు. ఆ పొడిని క్రంబుల్ అంటారు. చలిదేశాల్లో ఆకులు రాలే కాలంలో ఆపిల్, బేరి, ప్లమ్ పండ్లు ఒక్కసారిగా చేతికొచ్చినప్పుడు ఇళ్ళల్లో చేసుకునే వంట ఇది. ఇదే వంట సూరత్ నగరంలోని అడాజన్‌లో, గాలిలో ఇంకా వాన తడి ఆరని ఆశ్వయుజంలో చేయాలంటే ఏం చేయాలి? చాలామంది మొదట చేసే పని ఆపిల్ పండ్ల కోసం బయల్దేరడం. అది తప్పుదారి అని నా వాదన. ఈ పై తన సొంత ఊళ్ళో ఏ పని చేస్తుందో గ్రహిస్తే, ఆ పనికి అడాజన్‌లో దోరజామ పండూ, నాన్‌ఖటాయి పిండీ చాలు. చాలడమే కాదు, అంగడి ఆపిల్ కంటే ఇవే నయం. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఊరి సంగతి. అడాజన్ సూరత్‌లో తాపీ నదికి పడమటి ఒడ్డున పెరిగిన పేట. పక్కనే పాత రాందేర్ ఉంది. సర్దార్ వంతెన దాటితే అఠ్వా, దాని పక్కన నాన్‌పురా. ఇంకా అవతలికి వెళ్తే ఉధనా, లింబాయత్. మన తెలంగాణ నేత కుటుంబాలు మగ్గాల పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడింది ఎక్కువగా ఆ వైపునే. అక్కడి తెలుగువాళ్ళకు అడాజన్ బండి మీద పండ్ల పేర్లు కొత్తగా ఉండవు. మన జామ గుజరాతీలో జామ్‌ఫళ్, మన సీతాఫలం సీతాఫళ్. ఇక కాలం సంగతి. ఇంగ్లండులో శరత్తు అంటే చలి మొదలవడం. సూరత్‌లో శరత్తు అంటే వాన వెళ్ళిపోయి, శీతాకాలం రాకముందు ఎండ మరొకసారి తిరిగి రావడం. అక్టోబరులో పగటి వేడి 35 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. సముద్రం దగ్గర కాబట్టి గాలిలో ఉక్క కూడా. ఒకవైపు బతుకమ్మ పాటలు, ఒకవైపు గర్బా ఆటలు సాగే ఈ రోజుల్లో బండ్ల మీద కనిపించేవి ముఖ్యంగా జామ, సీతాఫలం. కాశ్మీరు, హిమాచల్ నుంచి కొత్త పంట ఆపిల్ కూడా అప్పుడే దిగుతుంది. అంటే ఋతువు పేరు ఒకటే అయినా, ఆ పేరు కింద రెండు దేశాల్లో జరుగుతున్నది వేరు. వంటకాన్ని పేరుతో పాటు మోసుకొస్తే చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఇంతకూ ఈ పై పుట్టింట్లో ఏ పని చేస్తుంది? చెట్టు కింద రాలిన పండు, దెబ్బ తగిలిన పండు, పులుపు ఎక్కువై పచ్చిగా తినలేని పండు, ఒకేసారి పండి నాలుగు రోజుల్లో పాడైపోయే పండు, వీటన్నిటికీ ఒక గతి చూపిస్తుంది. ఇంగ్లండులో ఈ వంటకు పేరుపడ్డ ఆపిల్ బ్రామ్లీ. 1809లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్ అనే ఊళ్ళో ఒక అమ్మాయి నాటిన గింజల నుంచి వచ్చిన చెట్టు దానికి మూలం. ఆ పండు పచ్చిగా కొరికితే పళ్ళు పులిసిపోతాయి. ఉడికితే మాత్రం మెత్తగా విచ్చుకుని, చక్కెర తీపికి ఎదురుగా పులుపు నిలబెడుతుంది. మీద చల్లే పొడికి కూడా ఇలాంటి కథే ఉంది. జర్మన్లు చల్లడం అనే మాట నుంచే దానికి ష్ట్రోయిజెల్ అని పేరు పెట్టుకుని, రొట్టెల మీద ఎప్పటినుంచో చల్లుతున్నారు. బ్రిటన్‌లో ఈ పొడి పద్ధతి ఇంటింటా పాకింది రెండో ప్రపంచయుద్ధపు రేషను రోజుల్లో అని వంటల చరిత్ర రాసేవాళ్ళు చెబుతారు. 1940 జనవరిలో మొదలైన ఆ రేషను 1954 దాకా సాగింది. మనిషికి వారానికి 2 ఔన్సుల వెన్న, అంటే 60 గ్రాములకు లోపే ఇచ్చిన దశ కూడా ఉంది. అంత కొద్ది వెన్నతో పండ్ల మీద పూర్తి మూత పొర ఒత్తడం కష్టం. ఉన్న కాస్త కొవ్వును పిండిలో నలిపి చల్లితే పని జరుగుతుంది. పొడి చల్లడానికి అప్పడాల కర్ర అక్కర్లేదు, నేర్పరితనం అక్కర్లేదు. కనుక ఈ వంటకానికి వెన్నెముక ఆపిల్ కాదు. ఉన్నదానితో, ఎక్కువ నేర్పు లేకుండా, పాడైపోబోయే పండును కాపాడే ఉపాయమే దానికి వెన్నెముక.

ఇప్పుడు అడాజన్ బండి మీది ఆపిల్‌ను ఈ ఉపాయం ముందు నిలబెట్టి చూద్దాం. హిమాచల్‌లోని కోట్‌గఢ్ ప్రాంతంలో అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్ 1910లలో డెలీషియస్ జాతి మొక్కలు నాటించాడు. ఆ కొండల ఆర్థిక స్థితినే మార్చిన పని అది. కాని ఆ జాతిని ఎంచుకున్నది పచ్చిగా కొరుక్కు తినడానికి. తీపి ఎక్కువ, పులుపు తక్కువ, ఎర్రటి తోలు చూపుకు అందం. ఓవెన్లో పెడితే దాని బలహీనత బయటపడుతుంది. పులుపు లేనందున చక్కెర మీద చక్కెర పడి చప్పటి తీపిగా మిగులుతుంది. పైగా అది సూరత్‌కు చేరేసరికి ఎన్నో వందల కిలోమీటర్లు ప్రయాణించిన పండు. జాగ్రత్తగా పెట్టెల్లో సర్ది తెచ్చిన పండుకు మిగులు అనే ప్రశ్నే లేదు. దాన్ని కాపాడవలసిన అవసరం ఇంట్లో ఎవరికీ లేదు. కోసి తింటే అయిపోతుంది. పులుపు చాలదు, మిగులు లేదు. పై చేయడానికి ఉండవలసిన కారణాలు రెండూ లేనప్పుడు మిగిలేది పేరు ఒక్కటే.

జామ అలా కాదు. మన దేశంలో జామకు ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ కాపులు వస్తాయి. వానాకాలపు కాపు విరివిగా వస్తుంది కాని నీరుగా, చప్పగా ఉంటుంది. చలికాలపు కాపు తియ్యగా, గట్టిగా ఉంటుంది. శరత్తులో బండి మీదికి వచ్చేది ఈ రెంటికీ మధ్యలోది. పచ్చిగా తినడానికి అంత గొప్పగా లేని పండు, ఉడికిస్తే గొప్పగా మారే పండు సరిగ్గా ఇలాంటిదే. జామకు ఇంకో స్వభావం ఉంది. కోశాక కూడా పండుతుంది, అదీ త్వరగా. అక్టోబరు ఎండలో సోమవారం ఆకుపచ్చగా ఉన్న కాయ బుధవారానికి పసుపెక్కి ఇల్లంతా వాసన కొడుతుంది. గురువారానికి మెత్తబడిపోతుంది. బుట్టెడు కొన్న ఇంట్లో మిగులు అనే సమస్య నిజంగా ఉంటుంది. ఇక పై చేసేవాళ్ళు కోరుకునే అతి ముఖ్యమైన గుణం పెక్టిన్. పండ్ల రసాన్ని గడ్డకట్టించే పదార్థం అది. మామిడి తాండ్ర పొరలుపొరలుగా పట్టు నిలవడంలోనూ, జామ జెల్లీ చెంచా మీద వణకడంలోనూ దాని పనే ఉంది. జామలో అది పుష్కలం. పండు మరీ మగ్గితే అది విరిగిపోతుంది. దోరగా ఉన్నప్పుడే నిండుగా ఉంటుంది. కాయకూ పండుకూ నడుమ ఉండే ఆ స్థితిని చెప్పడానికి తెలుగులో దోర అనే ఒక్క మాట ఉండడం మన అదృష్టం. చాలా వంటల పుస్తకాలు మూడు వాక్యాల్లో వివరించేది మనకు ఒక్క మాటలో అయిపోతుంది.

జామ మీద మొదటి అభ్యంతరం గింజలు. పంటి కింద రాయిలా తగిలే గింజలున్న పండుతో పై ఏమిటి అని అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. జవాబు మాత్రం ఆ గింజల చుట్టూ ఉన్న గుజ్జులోనే దొరుకుతుంది. పండును నిలువుగా నాలుగు ముక్కలు చేసి, మధ్య గుజ్జును చెంచాతో గీరి వేరే గిన్నెలోకి తీయాలి. అందులో పావు గ్లాసు నీళ్ళు పోసి ఉడికించి జల్లెడలో వత్తితే, గింజలు పైన ఆగిపోయి చిక్కటి పాకం లాంటి గుజ్జు కిందికి దిగుతుంది. దాన్నే ముక్కల్లో కలిపితే అవి విడిపోకుండా పట్టుకుంటుంది. ఆపిల్ పైలో రసం కారి అడుగు తడిసిపోకుండా మొక్కజొన్న పిండి కలుపుతారే, ఆ పని ఇక్కడ పండే చేసుకుంటుంది. వానాకాలపు కాయల్లో ఈగ గుడ్లు పెట్టి పురుగు పడే బెడద ఉంది కనుక, ముక్కలు కోసి గుజ్జు గీరే ఈ పనిలో ఆ పరీక్ష కూడా అయిపోతుంది. గింజలు తీశాక కూడా ముక్కలో ఇసుక లాంటి గరుకు మిగులుతుందని కొందరంటారు. నిజమే. గోడలు గట్టిపడిన రాతికణాలు అక్కడ ఉంటాయి. ఆ కణాలు బేరిపండులోనూ ఉంటాయి. ఇంగ్లండు శరత్కాలపు పైలో బేరిపండుకు పెద్దపీట వేసేవాళ్ళు జామ గరుకుకు మాత్రం వంక పెట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు మీద చల్లే పొడి దగ్గరికి వద్దాం. నా వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇదే. క్రంబుల్ లెక్క తూకంలో రెండు పాళ్ళ పిండి, ఒక పాలు కొవ్వు, ఒక పాలు చక్కెర. గుడ్డు లేదు, పులియబెట్టడం లేదు. ఈ లెక్కకు దగ్గరి చుట్టం సూరత్‌లో ఎన్నాళ్ళుగానో ఉంది. దాని పేరు నాన్‌ఖటాయి. తెలుగు శ్రోతలకు పోలిక చెప్పాలంటే, హైదరాబాదు ఉస్మానియా బిస్కెట్టు కంటే నోట్లో ఇంకా త్వరగా విరిగి కరిగే బిస్కెట్టు. సూరత్‌లో చెప్పుకునే కథ ఇది. 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్న డచ్చివాళ్ళు తమ రొట్టెల కోసం పార్శీలను పనిలో పెట్టుకున్నారు. డచ్చివాళ్ళు వెళ్ళిపోతూ తమ రొట్టెల పొయ్యిని ఆ పార్శీలలో ఒకరైన ఫరామ్‌జీ పెస్తన్‌జీ దోటీవాలాకు వదిలిపెట్టారు. నాన్‌పురాలోని దోటీవాలా బేకరీ తనను 1861 నాటిదని చెప్పుకుంటుంది. ఊళ్ళో డచ్చివాళ్ళు తగ్గి రొట్టెలు మిగిలిపోతే, వాటిని ఎండబెట్టి అమ్మారనీ, గుడ్డు, కల్లు ముట్టని ఇరుగుపొరుగు కోసం పిండి, నెయ్యి, చక్కెరలతో నాన్‌ఖటాయిని మలిచారనీ అంటారు. కథలో ఎంత పాలు చరిత్రో, ఎంత పాలు ఊరి గర్వమో వేరుచేయడం కష్టం. కాతార్‌గామ్‌లో డచ్చివాళ్ళ సమాధులు మాత్రం ఇవాళ్టికీ నిలిచి ఉన్నాయి. ఏది ఏమైనా ఒక్క మాట తేలుతుంది. నాన్‌ఖటాయి పిండిని ఉండలు చేసి కాలిస్తే నాన్‌ఖటాయి, ఉండ చేయకుండా పొడిగా చల్లి కాలిస్తే క్రంబుల్. అడాజన్ వంటింటికి ఈ పొడి పరాయిది కాదు. వంతెన అవతలి వీధి నుంచి వచ్చింది.

పిండిలో కొవ్వు ఎందుకు నలపాలో కూడా ఇక్కడి వాళ్ళకు కొత్తగా నేర్పక్కర్లేదు. గోధుమ పిండి తడిసి, చేయి తిరిగితే గ్లూటెన్ సాగి పిండి జిగురెక్కుతుంది. చపాతీకి అది కావాలి, పైకి అది వద్దు. ముందుగా కొవ్వు పట్టిస్తే పిండి రేణువుల మీద పూత పడి, నీరు లోపలికి పోక, జిగురు పుట్టదు. కాలాక పొర గుల్లగా విరుగుతుంది. జంతికల పిండిలో కాచిన నూనె పోసేటప్పుడు మన ఇళ్ళల్లో చెప్పే మాట కూడా అదే: గుల్లగా రావడానికి. గుజరాతీలో ఇలా పిండికి పట్టించే కొవ్వును మోణ్ అంటారు. సరిపోయిందో లేదో చూడడానికి వాళ్ళకొక కొలత ఉంది. ముఠ్ఠీ పడే మోణ్, అంటే పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, వేలితో తడితే పొడిగా రాలాలి. సున్నుండలు చుట్టే చేతికి ఈ పరీక్ష తెలుసు. క్రంబుల్‌కు అంతకంటే మంచి కొలత ఏ పుస్తకంలోనూ లేదు.

రెండో అభ్యంతరం వేడి గురించి. చలిదేశపు పద్ధతిలో వెన్న గట్టిగా, చల్లగా ఉండాలి. అది 30 డిగ్రీలు దాటితే నిలవదు. 35 డిగ్రీల వంటింట్లో వేళ్ళ మధ్యే కరిగి, పొడి కాస్తా పేస్టవుతుంది. ఏసీ గది ఉన్నవాళ్ళే ఈ వంట చేయాలా? అక్కర్లేదు. ఇక్కడ కూడా నాన్‌ఖటాయి దారే దారి. నెయ్యి వాడాలి. వెన్నలో దాదాపు 16 శాతం నీరుంటుంది, నేతిలో దాదాపు ఉండదు. నీరు లేకపోతే పొడిలో జిగురు పుట్టే భయం ఆ మేరకు తగ్గుతుంది. అందుకే 100 గ్రాముల వెన్న చెప్పిన చోట 80 గ్రాముల నెయ్యి చాలు. పేరిన నెయ్యి అయితే మరీ మంచిది. కరిగిపోయినా కంగారు పడక్కర్లేదు. పిండిలో కలిపి పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీసి చిదిమితే, శనగగింజంత, పెసరగింజంత ముక్కలుగా విడుతుంది. ఆ గడ్డలే పై మీద కరకరలాడతాయి. పిండంతా ఒకే సన్నటి పొడిగా ఉంటే అది పండ్ల ఆవిరికి తడిసి మడ్డిలా అయిపోతుంది. గడ్డలు ఉండడం అందం కోసం కాదు, వాటి మధ్యనుంచి ఆవిరి బయటికి పోవడం కోసం.

మూడో అభ్యంతరం ఇంకా గట్టిది. మన ఇళ్ళల్లో ఓవెన్ ఎక్కడిది? అడాజన్ అపార్టుమెంట్లలో చిన్న ఓవెన్లు ఉన్న ఇళ్ళున్నాయి. లింబాయత్‌లో ఒక గదిలో ఉండే నేత కుటుంబానికి ఉండకపోవచ్చు. కొందరు బాణలిలో ఇసుకో ఉప్పో పోసి, పైన గిన్నె పెట్టి మూత వేసి కాలుస్తారు. ఆ పద్ధతిలో వేడి కిందినుంచే వస్తుంది. కనుక అడుగు పొర చక్కగా కాలుతుంది, పైపొడి మాత్రం తెల్లగా, మెత్తగా మిగిలిపోతుంది. ఓవెన్లో జరిగేది దీనికి తలకిందులు. పైన ఎర్రబడుతుంది, అడుగు పచ్చిగా ఉండిపోతుంది. రెండింటి జబ్బూ తెలిస్తే మందు దొరుకుతుంది. బాణలి ఉన్నవాళ్ళు పొడిని విడిగా వేయించాలి. ఉప్మా రవ్వ వేయించినట్టే, మందపాటి మూకుడులో సన్నసెగ మీద, గడ్డలు చితకకుండా అట్లకాడతో తిప్పుతూ బంగారు రంగు వచ్చేదాకా ఉంచి, దించి ఆరనిచ్చి, వడ్డించే ముందు చల్లాలి. ఓవెన్ ఉన్నవాళ్ళు అడుగు పొరను పండ్లు వేయకముందే 12 నుంచి 15 నిమిషాలు విడిగా కాల్చుకోవాలి. ఇంట్లో పిండి కలిపి పేటలోని బేకరీ భట్టీలో కాల్పించుకొచ్చే అలవాటు మన దేశపు పట్టణాల్లో పాతదే. పండగ ముందు నాన్‌ఖటాయికి పనికొచ్చిన ఆ దారి పైకి కూడా పనికొస్తుంది.

కొలతలు ఒకసారి నెమ్మదిగా చెబుతాను, కాగితం ఉన్నవాళ్ళు రాసుకోవచ్చు. అడుగు పొరకు 200 గ్రాముల మైదా (కావాలంటే అందులో సగం గోధుమపిండి), 90 గ్రాముల నెయ్యి, చిటికెడు ఉప్పు, ముద్ద కట్టడానికి మాత్రం సరిపడా చల్లటి నీళ్ళు. పండుకు 800 గ్రాముల దోరజామ, 100 గ్రాముల చక్కెర, ఒక పెద్ద నిమ్మకాయ రసం, నాలుగు యాలకుల పొడి, కాస్త అల్లం తురుము. పొడికి 100 గ్రాముల మైదా, 20 గ్రాముల శనగపిండి, 60 గ్రాముల చక్కెర, 60 గ్రాముల నెయ్యి. నిమ్మరసం మానకండి. బ్రామ్లీ ఆపిల్‌లో పుట్టుకతో ఉన్న పులుపు జామకు మనం ఇవ్వాలి. పెక్టిన్ గడ్డకట్టడానికి కూడా పులుపు కావాలి. జామ ముక్కల్ని ముందుగా చక్కెరతో అయిదారు నిమిషాలు పొయ్యి మీద మగ్గనిచ్చి, వడకట్టిన గుజ్జు కలిపి చల్లార్చి, కాలిన పొరలో పరిచి, మీద పొడి చల్లాలి. గట్టిగా అదమకూడదు. 190 డిగ్రీల దగ్గర 35 నిమిషాల్లో అంచుల వెంట రసం బుడగలెత్తుతుంది. అది అయిందనడానికి గుర్తు. బయటికి తీశాక కనీసం ముప్పావుగంట కోయకూడదు. పెక్టిన్ చల్లారితేనే పట్టు కడుతుంది. వేడిమీద కోసి, రసం కారిపోయిందని వంటను తిట్టడం సరికాదు.

ఇందులో చక్కెర ఎక్కువ కాదా అని అడిగేవాళ్ళుంటారు. లెక్క దాచక్కర్లేదు. మొత్తం చక్కెర 160 గ్రాములు, నెయ్యి 150 గ్రాములు. ఎనిమిది ముక్కలు కోస్తే ముక్కకు 20 గ్రాముల చక్కెర, 19 గ్రాములకు దగ్గరగా నెయ్యి. కలిపిన చక్కెరను రోజుకు 50 గ్రాములకు మించనివ్వవద్దనీ, 25 లోపు ఉంటే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ముందు పెట్టుకుంటే, ఇది రోజూ తినేది కాదని తేలిపోతుంది. మధుమేహం ఉన్నవాళ్ళకు ఈ పై మంచిదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇది పండగ వంట. అలాగే, జామలో 100 గ్రాములకు దాదాపు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉందనీ, వేడికి అది పోతుందనీ, అలాంటి పండును ఉడికించడం దండగనీ ఇంకో మాట వినిపిస్తుంది. కొంత పోతుంది, ఒప్పుకోవాలి. కాని పోటీ పచ్చి జామకూ ఉడికిన జామకూ మధ్య లేదు. బుట్టలోని మంచి పళ్ళను పచ్చిగానే తినండి. చప్పటివీ, ఒకవైపు దెబ్బ తిన్నవీ, రేపటికి మగ్గిపోయేవీ మాత్రమే పైలోకి రావాలి. అవి ఎలాగూ చెత్తబుట్టకు వెళ్ళేవి. పండ్లను వండడం మన సంప్రదాయం కాదన్నవాళ్ళకు ఆత్రేయపురం మామిడి తాండ్రను, రేగి వడియాలను గుర్తుచేస్తే చాలు. మిగులు పండుకు గతి చూపించే పని మనకు అనాదిగా తెలిసినదే. అక్కడ ఎండ చేసిన పని ఇక్కడ ఓవెన్ చేస్తుంది.

ఇదంతా పరాయివాళ్ళ వంటకు మన బట్ట తొడగడం కదా అనేది చివరి అభ్యంతరం. ఎవరిది పరాయి? జామ పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలం. సీతాఫలం, సపోటా కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. ఇంగ్లండు తనదనుకునే ఆపిల్ మూలాలు మధ్య ఆసియా కొండల్లో, నేటి కజకిస్తాన్ వైపు ఉన్నాయి. ఓడలు ఆగే రేవుగా మొగలుల కాలంలో వెలిగిన సూరత్ లాంటి ఊళ్ళో, వచ్చిన ప్రతిదాన్నీ పుట్టిన ఊరు అడిగి తిప్పి పంపి ఉంటే నాన్‌ఖటాయి కూడా మిగిలేది కాదు. అయితే ఈ వాదన రెండో వైపు కూడా కోస్తుంది. ఏ పండైనా ఫరవాలేదు అని నేను అనడం లేదు. సీతాఫలం చూడండి. శరత్తులో దానికి ఎదురులేదు. కాని దాని గుజ్జును కాచితే చేదెక్కుతుంది. పైలో పెడితే పాడవుతుంది. సపోటాలో పులుపు దాదాపు లేదు, నిమ్మకాయ లేకుండా అది వట్టి తీపి ముద్ద. స్థానికం అయినంత మాత్రాన సరిపోదు, పండు స్వభావం పనికి కుదరాలి. అయినా సీతాఫలానికి చోటు లేకపోలేదు. ఇంగ్లీషువాళ్ళు ఈ పై మీద కస్టర్డ్ పోసుకుంటారు. సీతాఫలానికి వాళ్ళు పెట్టుకున్న పేరులోనే కస్టర్డ్ ఉంది. పాలు మరిగించి బాసుంది చేసి, పూర్తిగా చల్లార్చాక సీతాఫలం గుజ్జు కలిపితే, చేదు ప్రసక్తి లేకుండా, గోరువెచ్చటి పై పక్కన చల్లటి తోడు సిద్ధం. సూరత్ శరత్తుకు తగినది ఇదే. ఇక్కడి ఉక్కలో ఒళ్ళు వెచ్చబడడానికి ఎవరూ పై తినరు.

సూరత్‌లో శరత్పూర్ణిమ మర్నాడు చందీ పడ్వో అనే పండగ. ఊరు ఊరంతా ఆ రాత్రి ఘారీ, భూసుం అనే కారపు చిరుతిండి తినడానికి ఆరుబయట చేరుతుంది. ఘారీ అంటే కోవా పూర్ణాన్ని పల్చటి పూరీలో మూసి, నేతిలో వేయించి, మళ్ళీ నేతి పూత పూసిన మిఠాయి. మన పూర్ణం బూరెకు దూరపు చుట్టం. పిండి పొరలో తీపిని మూసే విద్య ఈ ఊరికి బాగా తెలుసు. ఘారీని తోసేసి దాని చోట పై పెట్టాలని ఎవరూ అనరు, అనకూడదు. ఘారీ పాలది, పై పండుది. ఆ వారంలోనే బుట్టలో మిగిలిపోయే జామకు కూడా ఒక పొర దొరకాలన్నదే ఇక్కడి కోరిక. ఈ లెక్క ఒకసారి చేతికి వచ్చాక ఋతువుతో పాటు పండు మారుతుంది. ఎండాకాలంలో వల్సాడ్ మామిడి దోరగా ఉన్నప్పుడు కూడా ఇదే పొడి పనిచేస్తుంది. అప్పుడు నిమ్మరసం అక్కర్లేదు, మామిడే పులుపు తెచ్చుకుంటుంది. పిండి, కొవ్వు, చక్కెరల పాళ్ళు అలాగే ఉంటాయి. పండును బట్టి పులుపు, నీరు, తీపి మాత్రం సవరించుకోవాలి.

అందుకే వచ్చే ఆశ్వయుజంలో ఎవరైనా శరత్కాలపు పండ్ల పై చేద్దామనుకుంటే, ముందు ఆపిల్ ఎక్కడ దొరుకుతుందని అడగవద్దు. వీధి చివర బండి దగ్గర నిలబడి ఏది దోరగా ఉందో, ఏది రెండు రోజుల్లో మగ్గిపోతుందో చూడండి. ఇంటికొచ్చి పిండిలో నెయ్యి నలిపి పిడికిట్లో పట్టి చూడండి. నొక్కితే నిలిచి, తడితే రాలిందా, ఇక పొయ్యి వెలిగించవచ్చు.